సాన్ మారినో జట్టు – చిన్న దేశముల హక్కు

2024వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీ రాత్రి సాన్ మారినో రాజ్యములోని సెర్రవల్లె పట్టణమున ఒక ఫుట్‌బాలు పందెము జరిగినది. ఆడినవి రెండును మిక్కిలి చిన్న దేశములు. ఒకటి సాన్ మారినో, రెండవది లీచ్టెన్‌స్టైన్. ఆట రెండవ భాగము మొదలైన కొలది నిమిషములకు, అనగా 53వ నిమిషమున, లీచ్టెన్‌స్టైన్ గోలుకీపరునకును రక్షకునకును నడుమ బంతి యెవరు తీసికొనవలెనను తత్తరపాటు కలిగెను. అంతట నిక్కో సెన్సోలి యను పందొమ్మిదేండ్ల యువకుడు ఆ సందు కనిపెట్టి, నడుమ దూరి, బంతిని గోలులోనికి నెట్టెను. మిగిలిన కాలమంతయు సాన్ మారినో వారు ఆ యొక్క గోలును ప్రాణపదముగ కాపాడుకొనిరి. ఆట ముగియగనే ఆ వార్త దేశదేశములకు ప్రాకినది. ఫుట్‌బాలు లోకమున దినదినమును వందల పందెములు జరుగుచుండగా, ఈ యొక్కదానికి ఇంత ప్రఖ్యాతి యేల? ఏలయన, సాన్ మారినో జట్టు అధికారపు పోటీలలో ఆడ మొదలిడినది 1990లో. అట్టి పోటీలో గెలిచినది ఇదియే తొలిసారి.

ఇది ఆటల పుట యందు నాలుగు పంక్తులలో ముగియదగిన ముచ్చటగదా, ఈ పుట యందేల యని పాఠకులు కొందరడుగవచ్చును. మా యుద్దేశము వేరు. ఈ జట్టు చరిత్రలో కేవలము ఆటకు సంబంధించని ప్రశ్న యొకటి ఇమిడియున్నది. బలము లేనివానికి బలవంతుల పంక్తిలో కూర్చుండు హక్కు కలదా లేదా యనునదే ఆ ప్రశ్న. దానిని గూర్చి యూరపులో పెద్ద వివాదమే జరిగినది. ఆ వివాదమును పరిశీలించుటకు ముందు ఆ దేశమెట్టిదో కొంత యెరుగుట యవసరము.

సాన్ మారినో విస్తీర్ణము 61 చదరపు కిలోమీటరులు. మన ప్రాంతమున ఒక్కొక్క మండలమే అంతకంటె పెద్దది. జనులు ముప్పదినాలుగు వేలకు మించరు. నాలుగు దిక్కుల ఇటలీ దేశము. నడుమ టిటానో యను కొండ. ఆ కొండ చుట్టును ఈ రాజ్యము. డాల్మేషియా తీరమునుండి వచ్చిన మారినుస్ అను రాతిపనివాడు క్రీస్తుశకము 301లో దీనిని స్థాపించెనని వారి ఐతిహ్యము. ఐతిహ్యము మాట యెట్లున్నను, 1243 మొదలు ఇద్దరు పాలకులను ఆరేసి నెలల కొకమారు ఎన్నుకొను పద్ధతి అచ్చట సాగుచునే యున్నది. 1600 నాటి శాసనగ్రంథము వారి రాజ్యాంగమునకు నేటికిని ఆధారము. 1797లో నెపోలియను ఇటలీని జయించుచు, ఈ చిన్న రాజ్యమును మెచ్చి, పొరుగు భూములు కొన్ని ఇచ్చెదనని కబురంపెను. ఉన్నది చాలునని వారు వలదనిరి. ఇచ్చిన భూమిని వలదనుట మన భూస్వాములకు వింతగ తోచవచ్చును గాని, ఆనాడు పుచ్చుకొనియున్నచో నెపోలియను పతనానంతరము ఆ భూములతోపాటు స్వాతంత్ర్యము కూడ పోయియుండెడిదేమో! 1849లో రోము నగరమునుండి తరుమబడి వచ్చిన గరిబాల్డికి ఆశ్రయమిచ్చినవారు వీరే. ఇటలీ యంతయు ఏకరాజ్యమైన పిమ్మటను వీరు వేరుగనే నిలిచిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున తమ జనసంఖ్యకు ఎన్నోరెట్లు ఎక్కువగ, సుమారు లక్షమంది శరణార్థులకు తావొసగిరి. 1992లో ఐక్యరాజ్యసమితి వీరిని సభ్యులుగ చేర్చుకొన్నది.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. తనకు తానే రాజ్యమని చాటుకొన్న చిత్రమైన తావులు కూడ లోకమున కొన్ని కలవు. ఇంగ్లండు తూర్పు తీరమునకు దూరముగ సముద్రములో యుద్ధకాలమున కట్టిన దిమ్మె నొకదానిని 1967లో ఒక ఆంగ్లేయుడు ఆక్రమించి, దానికి సీలాండు అను పేరు పెట్టి, జెండా యెత్తి, తాను రాజునని ప్రకటించుకొనెను. అట్టి సీలాండు పేరిటను ఒక ఫుట్‌బాలు జట్టు కలదు. అది తనవంటి జట్లతో స్నేహపు పందెము లాడినది గాని ప్రపంచ కప్పు గుమ్మము దరికి పోజాలదు. ఏ దేశమును దానిని గుర్తింపలేదు గనుక ఆట సమాఖ్యయు గుర్తింపలేదు. సాన్ మారినో అట్టిది కాదు. దానికి రాజ్యాంగము, రాయబారులు, చరిత్ర అన్నియు కలవు, లేనిది జనబలమొక్కటే. జనబలము లేకున్నను ప్రపంచ ఫుట్‌బాలు సమాఖ్యయైన ఫిఫా యందు ఒక్కొక్క దేశమున కొక్కొక్క వోటు. ఆ సభలో జర్మనీ చేయి యెత్తినను ఒక్కటే, సాన్ మారినో చేయి యెత్తినను ఒక్కటే. మైదానములోనికి దిగినప్పుడు మాత్రము ఆ సమానత్వము గీత యావలనే ఆగిపోవును.

సాన్ మారినో వారి ఫుట్‌బాలు సంఘము 1931లోనే పుట్టినది. అయినను ఏబదియేండ్లకు పైగా వారికి దేశపు జట్టు అనునది లేదు. అచ్చటి యాటగాండ్రు ఇటలీ వారి కింద లెక్క. ఈ సందర్భమున మాస్సిమో బొనీని యను నాతనిని గూర్చి చెప్పక తప్పదు. ఇతడు సాన్ మారినోలో పుట్టి, ఇటలీలోని యువెంటుస్ జట్టున చేరి, 1985లో యూరపు కప్పు గెలిచిన వారిలో ఒకడాయెను. ఇరువదియొకటేండ్ల లోపువారి ఇటలీ జట్టున ఆడెను. పెద్దల జట్టులో చేరవలెనన్నచో తన సాన్ మారినో పౌరసత్వమును వదలుకొనవలసి వచ్చినది, అతడు వదలుకొనలేదు. ఇటలీ జట్టనగా ఆ రోజులలో 1982 ప్రపంచ కప్పు గెలిచిన జట్టు! అందు స్థానము కొరకు ఎవరేమి యొసగరు? ఇతడు తన కొండను విడువడాయెను. సాన్ మారినోకు స్వంత జట్టేర్పడిన పిమ్మట, తన వయస్సు ముప్పది దాటిన తరువాత, అతడు తన దేశము పక్షమున ఆడి ఓటములు పంచుకొనెను. ఆపైన కొంతకాలము ఆ జట్టునకు శిక్షకుడుగ కూడ పనిచేసెను. ఇటలీ జట్టు పేరుప్రతిష్ఠలు వదలి ఓటములలో పాలు కోరినవానిని తెలివితక్కువవాడనువారు అనవచ్చును. మేము అనము.

1986లో కెనడా వారి ఒలింపిక్ జట్టుతో అనధికారముగ ఒక పందెమాడి, ఒక్క గోలు తేడాతో ఓడిరి. 1988లో ఫిఫాయును, యూరపు సమాఖ్యయైన యూఎఫాయును వీరిని సభ్యులుగ అంగీకరించెను. 1990 నవంబరు 14న స్విట్జర్లాండుతో సెర్రవల్లెలో మొదటి అధికారపు పందెము జరిగెను, 4-0 ఓటమి. మరుసటి మార్చి 27న రుమేనియాపై పాసోలీని యను నాతడు పెనాల్టీ మూలమున దేశమునకు తొలి గోలు సంపాదించెను; ఆ పందెము 3-1గా పోయినది. మొత్తముమీద ఆ తొలి పోటీలో ఎనిమిది పందెములకు ఎనిమిదియు ఓడిరి. చేసిన గోలు ఒకటి, ఇచ్చినవి ముప్పదిమూడు.

తరువాత వచ్చినది 1994 ప్రపంచ కప్పు కొరకైన యర్హత పోటీ. నార్వే చేతిలో పది గోలులు తిని మొదలుపెట్టిరి. అయినను 1993 మార్చి 10న టర్కీ జట్టును తమ మైదానమున 0-0గా నిలిపివేసిరి. గోలు లేని యాట చూచువారికి చప్పగానుండును. సాన్ మారినో వారికి మాత్రము అది పండుగ. అది వారికి అధికారపు పోటీలలో దక్కిన మొదటి పాయింటు.

ఆ యేడు నవంబరు 17న జరిగినది ప్రపంచమంతయు నెరిగిన కథ. ఇంగ్లండు జట్టు బొలోన్యా నగరములో సాన్ మారినోతో తలపడెను. ఇంగ్లండు వారు ప్రపంచ కప్పునకు పోవలెనన్న, ఏడు గోలుల తేడాతో గెలువవలెను. అదే సమయమున పోలండు జట్టు హాలండును ఓడింపవలెను. గెలుపును గూర్చి వారికి చింత లేదు. ఎన్ని గోలులు అనునదే లెక్క. ఈల మ్రోగెను. సాన్ మారినో వారు బంతిని ముందుకు తన్నిరి. ఇంగ్లండు నాయకుడు స్టూఅర్టు పియర్సు దానిని తన గోలుకీపరునకు మెల్లగ వెనుకకు పంపెను. అది మరీ మెల్లగ పోయినది. డావిడె గ్వాల్తియేరి మెరుపువలె దూకి గోలు చేసెను. గడియారము చూడగా ఎనిమిది సెకండ్లు, మీదు మిక్కిలి సెకండులో మూడు పదవ వంతులు! ఫుట్‌బాలును ప్రపంచమునకు నేర్పితిమను జట్టు, ప్రపంచమునందు కడపటిదనదగిన జట్టునకు వెనుకబడి, ఆ యప్పు తీర్చుటకే ఇరువది నిమిషములకు పైగా తీసికొనెను. కడకు ఏడు గోలులు చేసిరి. అందు నాలుగు ఇయాన్ రైట్ చేసినవి. కాని అచ్చట పోలండు ఓడిపోయినది. ఇచ్చట ఏడు గోలుల తేడాకు బదులు ఆరే మిగిలినవి. ఇంగ్లండు ప్రపంచ కప్పునకు పోలేదు. వారి మేనేజరు గ్రాహం టేలర్ కొలదిదినములకే ఉద్యోగము వదలుకొనెను.

గ్వాల్తియేరి వృత్తి యాటగాడు కాడు. కంప్యూటర్ల వ్యాపారమున బ్రతుకువాడు. ప్రపంచ కప్పు అర్హత పందెములలో అతివేగముగ చేసిన గోలు అను ఖ్యాతి 2016 అక్టోబరులో బెల్జియము ఆటగాడు బెంటేకే జిబ్రాల్టరుపై 8.1 సెకండ్లలో గోలు చేయువరకు, సుమారు ఇరువదిమూడేండ్లు, అతనిదే. ఆ పోటీ ముగియునప్పటికి సాన్ మారినో పది పందెములలో చేసినవి రెండు గోలులు, తిన్నవి నలుబదియారు. ఆ నలుబదియారు ఎవరికిని జ్ఞాపకము లేవు. రెండింటిలో ఒకటి మాత్రము ఇంగ్లండులో నేటికిని మరచినవారు లేరు.

1998 నుండి 2013 వరకు జట్టును నడపినవాడు జాంపావొలో మాజ్జా. ఇతడు వ్యాయామోపాధ్యాయుడు. పెద్ద దేశముల శిక్షకులు రెండు పందెములు వరుసగ ఓడినచో మూడవదానికి కానరారు; ఇతడు పదునైదేండ్లు ఓటముల నడుమ నిలిచెను. పగలు తమ తమ ఉద్యోగములు, చదువులు చూచుకొని, సాయంకాలము వచ్చి సాధన చేయువారే ఇతని యాటగాండ్రలో పెక్కురు. అట్టివారితో ఇతడు 2001 ఏప్రిలు 25న లాట్వియా రాజధాని రీగాలో 1-1గా ఆట ముగించెను. పరాయిగడ్డపై వచ్చిన తొలి పాయింటది. లాట్వియా వారికి ఈ ఫలితము ఎంత యవమానముగ తోచెననగా, వారి ఆంగ్లేయ శిక్షకుడు పదవి వదలిపోయెను. దీనినిబట్టి చూడగా సాన్ మారినో జట్టు తాను గెలువకున్నను ఇతరుల శిక్షకులను ఇంటికి పంపుటయందు మాత్రము నేర్పరియని చెప్పవచ్చును.

2004 ఏప్రిలు 28న లీచ్టెన్‌స్టైనుతో జరిగిన స్నేహపు పందెమున ఆండీ సెల్వా ఐదవ నిమిషముననే ఫ్రీకిక్కు నుండి గోలు చేయగా 1-0గా గెలిచిరి. జట్టు చరిత్రలో అదియే తొలి విజయము. దేశము తరపున ఎనిమిది గోలులు చేసి యందరికంటె ముందున్నవాడు ఈ సెల్వాయే. అయితే అది పోటీ పందెము కాదు. ఆ యానందము చల్లారినది 2006 సెప్టెంబరు 6న. ఆనాడు జర్మనీ సెర్రవల్లెకు వచ్చి పదుమూడు గోలులు చేసి పోయినది. ఒక్కటియు ఇవ్వలేదు.

అది జరిగిన ఐదు నెలలకు, 2007 ఫిబ్రవరి 7న, ఐర్లండు వచ్చినది. ఈ పందెమును గూర్చి యొకింత విస్తరింతుము. ఏలయన పదుమూడు గోలుల దెబ్బ తిన్నవారు మరల మైదానమునకు వచ్చుటయే గొప్పయనుకొనువారికి ఇది సమాధానము. ఐర్లండు ఒక గోలు చేసి నిశ్చింతగ నుండగా, 86వ నిమిషమున మానుయెల్ మరాని సమము చేసెను. ఇక నాలుగు నిమిషములు గడచిన పాయింటు చేతికి వచ్చినట్లే. నాలుగు నిమిషములు గడచెను. అదనపు కాలము మొదలాయెను. దాని చివర, ఇక ఈల మ్రోగుటయే తరువాయి యనునప్పుడు, స్టీఫెన్ ఐర్లండ్ అను నాటగాడు గోలు చేసి తన దేశమును గట్టెక్కించెను. చేతికందిన ముద్ద నోటికి రాకపోవుట యనగా ఇదియే. గెలిచిన ఐర్లండు వారు తలవంచుకొని ఇంటికి పోయిరి. ఓడిన సాన్ మారినో వారికి ఆ దేశపు పత్రికలే ప్రశంసలొసగినవి. లెక్కల పుస్తకమున మాత్రము ఓటమి యనియే వ్రాయబడినది.

ఆపైన దీర్ఘమైన చీకటి. అరువదియొక్క పందెములు వరుసగ ఓడిరి. 2008 అక్టోబరు తరువాత ఒక గోలు చూడవలెనన్న 2013 సెప్టెంబరులో పోలండుతో ఆడువరకు, సుమారు ఐదేండ్లు, ఆగవలసివచ్చెను. ఆ పందెము సైతము 5-1గా పోయినది. ఫిఫా వారి పట్టికలో చిట్టచివరి వరుస వీరికి స్థిరనివాసమాయెను. ఆ యోటముల పరంపర తెగినది 2014 నవంబరు 15న; ఎస్తోనియాతో సెర్రవల్లెలో 0-0. యూరపు ఛాంపియన్‌షిప్పు అర్హత పోటీలలో వారికి అది తొలి పాయింటు. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో లితువేనియా గడ్డపై మత్తెయో వితయోలి ఫ్రీకిక్కు గోలు చేసి పదునాలుగేండ్లకు పరాయిచోట తొలి గోలు సంపాదించెను. అక్కడను కడపటి నిమిషములలో గోలు తిని 2-1గా ఓడిరి.

ఇంతవరకు కథ. ఇక వివాదము.

2016 నవంబరు 11న జర్మనీ మరల సెర్రవల్లెకు వచ్చి 8-0గా గెలిచెను. ఆట ముగిసిన తరువాత జర్మనీ ప్రముఖుడు థామస్ ముల్లర్ ఇట్టి పందెములకును వృత్తి ఫుట్‌బాలునకును ఏమి సంబంధమను భావముతో మాటలాడెను. తీరికలేని యాటగాండ్రకు ఇట్టివి వృథా శ్రమయనియు, దెబ్బలు తగులు ప్రమాదము అదనమనియు అతని తాత్పర్యము. ఇది అతని యొక్కని యభిప్రాయము కాదు. యూరపులోని పెద్ద క్లబ్బుల వారును, పలువురు పత్రికారచయితలును ఏండ్ల తరబడి ఇదే పాట పాడుచుండిరి. చిన్న దేశములన్నియు ముందుగ తమలో తాము పోటీపడి, అందు నెగ్గినవారే పెద్దలతో ఆడవలెనని వారి వాదము.

దీనికి సాన్ మారినో వారి పక్షమున ఒకరు బహిరంగ లేఖ వ్రాసిరి. ఆ పందెము వలన ఫలమేమి కలిగినదో పది కారణములుగ అందు వివరించిరి. ఇంత బలహీనమైన జట్టుపై కూడ ముల్లర్ గోలు చేయలేకపోయెనని తెలిసినదట, అది యొకటి! నిజమే, ఆనాటి యెనిమిదింటిలో ముల్లరుది ఒక్కటియు లేదు. ఆట యెవరి స్వంత ఆస్తి కాదనియు, దానిని ప్రేమించు ప్రతివానిదనియు వ్రాసినది మరియొకటి. పరిహాసము వెనుక నొప్పి లేకపోలేదు. ఆ లేఖను లోకమంతయు చదివి నవ్వినది. నవ్వినవారిలో అధికభాగము సాన్ మారినో పక్షముననే నవ్విరి.

మేమీ వివాదమున న్యాయమును రెండు ప్రక్కల నుండియు చూడ ప్రయత్నించితిమి. ముల్లరు వంటివారి మాటను కేవలము అహంకారమని త్రోసివేయరాదు. ఆసియాలో, ఉత్తరామెరికాలో తక్కువ స్థాయి జట్లకు ముందుగ ప్రత్యేకపు పోటీలు కలవు. అచ్చట ఎవరును దానిని అవమానముగ భావించుట లేదు. పదేసి గోలులు తినుట వలన యువకులకు ఉత్సాహము కలుగునని కూడ మేము చెప్పజాలము. 2021 నవంబరు 15న ఇంగ్లండు సెర్రవల్లెలో 10-0గా గెలిచినప్పుడు చూచినవారికి ఆట కంటె జాలియే మిగిలినది. కాని ఆ వాదములో ఒక మోసము కలదు. బలహీనుని పంక్తినుండి లేపవలెననువాడు అతని మేలు కోరి చెప్పుచున్నానని యనును. లేచిన తరువాత అతనికి వేరొక పంక్తి యెచ్చట వేయుదువని యడిగిన పలుకడు. సాన్ మారినో వారికి కావలసినది దయ కాదు; పెద్దలతో ఆడు హక్కు పోకుండ, తమ సరియీడువారితో కూడ ఆడు తావు. సరిజోడు లేక ఓడువానిని చూపి ఆట రాదనుట ఎక్కడి న్యాయము? ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత యిచ్చట చెల్లదు. ఇచ్చట మద్దెల నిజముగనే ఓడు.

ఈ తావు 2018లో ఏర్పడినది. యూఎఫా వారు ఆ సంవత్సరము నేషన్స్ లీగు అను క్రొత్త పోటీని ప్రారంభించి, దేశములను బలము ననుసరించి నాలుగు శ్రేణులుగ విభజించిరి. ప్రపంచ కప్పు, యూరపు ఛాంపియన్‌షిప్పు అర్హత పోటీలు మునుపటివలెనే యుండును. అందెవరి హక్కును పోలేదు. దీనికి తోడుగ సమానులు సమానులతో ఆడుదురు. మొదటిసారి సాన్ మారినో ఆరు పందెములును ఓడినది. ఒక గోలును చేయలేదు. రెండవమారు, 2020లో, లీచ్టెన్‌స్టైనుతో 0-0, జిబ్రాల్టరుతో 0-0. మూడవమారు ఎస్తోనియా, మాల్టాలతో మరల అన్నియు ఓటములే. ఫలము ఒక్కసారిగ రాలేదు. నాటిన మరునాడే కాయు చెట్టు మామిడి కాదు. కాని జట్టు నడకలో మార్పు కనబడసాగెను. 2023 శరత్కాలమున డెన్మార్కు, కజకస్థాను, ఫిన్లండులపై వరుసగ మూడు పందెములలో ఒక్కొక్క గోలు చేసిరి. డెన్మార్కు, ఫిన్లండులు 2-1 కంటె అధికముగ గెలువలేకపోయినవి. పెద్దలతో ఆడుట మానిపించియుండినచో ఈ మూడు గోలులు ఎచ్చట చేసియుండెడివారు?

నాలుగవమారు, 2024లో, గుంపునందు ముగ్గురే: లీచ్టెన్‌స్టైన్, జిబ్రాల్టరు, సాన్ మారినో. శిక్షకుడు రొబెర్తొ చెవోలి. మేము మొదట వర్ణించిన సెప్టెంబరు విజయము ఈ పోటీలోనిదే. 2004 నాటి స్నేహపు గెలుపు తరువాత నూటనలుబది పందెములు గెలుపెరుగక గడచినవి. ఆనాటి గెలుపు సమయమునకు ఈనాటి గోలు చేసిన సెన్సోలి పుట్టియే యుండలేదు. తరువాత జిబ్రాల్టరులో 1-0గా ఓడి, నవంబరు 15న తమ యింట 1-1గా నిలిచిరి. అప్పటికి జిబ్రాల్టరునకు ఆరు పాయింట్లు. దాని పందెములు ముగిసినవి. సాన్ మారినోకు నాలుగు. మిగిలినది ఒక్క పందెము, నవంబరు 18న లీచ్టెన్‌స్టైను రాజధాని వాడూజులో. సమమైన చాలదు. గెలిచిననే గుంపున మొదటిస్థానము, పై శ్రేణికి పోవు భాగ్యము. పరాయిగడ్డపై ఏనాడును గెలువని జట్టునకు ఇది పరీక్ష.

మొదటి భాగము ముగియబోవునప్పుడు లీచ్టెన్‌స్టైన్ గోలు చేసెను. వెనుకబడిన పందెమును గెలుచుట కూడ సాన్ మారినో వారు ఎరుగని విద్యయే. విరామము తరువాత మైదానమునకు వచ్చి, మొదటి నిమిషముననే లాజ్జారి సమము చేసెను. 66వ నిమిషమున పెనాల్టీ దొరకెను. నికొలా నన్ని దానిని తప్పలేదు. పది నిమిషములకు గొలినూచ్చి మూడవ గోలు చేసెను. 3-1. ఒకే పందెమున మూడు గోలులు చేయుట, పరాయిచోట గెలుచుట, వెనుకబడి గెలుచుట – ఈ మూడును ముప్పదినాలుగేండ్లలో ఎన్నడును లేనివి. మూడును ఒకే రాత్రి జరిగినవి. ఆటగాండ్రు మైదానములో కేకలు వేయుచు ఒకరిపై నొకరు పడిరి. ఇటలీ వారికి నాలుగు ప్రపంచ కప్పులు కలవు గాని, వారి చుట్టుగోడ లోపలి ఈ చిన్నయిల్లు ఆ రాత్రి వారికంటె తక్కువ సంతోషించియుండదు.

దీనితో సాన్ మారినో కష్టములు తీరెనని మేము వ్రాయుట లేదు, వ్రాసిన అసత్యమగును. 2026 ప్రపంచ కప్పు అర్హత పోటీలో ఎనిమిది పందెములకు ఎనిమిదియు ఓడిరి. ముప్పదితొమ్మిది గోలులు తిని, రెండు చేసిరి. నేషన్స్ లీగు గుంపున గెలిచిన పుణ్యమున ప్రపంచ కప్పు అర్హతకు అడ్డదారిలో సన్నని యాశ యొకటి లెక్కలలో వ్రేలాడినది, అదియు తెగిపోయెను. 2025 అక్టోబరు 9న ఆస్ట్రియా పది గోలులు చేసినది. ఆర్నౌటొవిచ్ ఒక్కడే నాలుగు చేసి తన దేశమున అందరికంటె ఎక్కువ గోలులు చేసినవాడను పేరు గాంచెను. పంక్తినుండి లేపవలెననువారు ఈ యంకెలను చూపి మరల నోరు విప్పుదురు. వారు చూపని యంకె యొకటి మేము చూపుదుము. అదే పోటీలో, 2025 జూను 7న, బోస్నియావారి స్వంత మైదానమున సాన్ మారినో ఒక్క గోలు మాత్రమే యిచ్చినది. బోస్నియా వంటి జట్టు తన ప్రజల యెదుట, దినమంతయు ఉద్యోగముచేసి వచ్చు వారిపై, ఒక్క గోలుతో బయటపడినది. పదుమూడు గోలుల దినములనుండి ఇంతవరకు వచ్చిన దూరమును ఓటములు, గెలుపులు అను రెండే గడులున్న పట్టికలో వ్రాయుటకు చోటు లేదు.

2026-27 నేషన్స్ లీగు పోటీలలో సాన్ మారినో పై శ్రేణి యందు ఆడుటకు అర్హత పొందియున్నది. అచ్చట లీచ్టెన్‌స్టైనులు దొరకరు. మరల పెద్ద ఓటములే రావచ్చును. సెన్సోలి ఇంకను చిన్నవాడు. సెర్రవల్లెలో సాయంకాలపు సాధన యథాప్రకారము జరుగుచున్నది.